అయిదు ఆంపియర్లు

మా ఐన్ తూతాకి కరెంటు
ఒక మనిషి పేరుతో వచ్చేది.
వదీ.
ఆలివ్ గానుగ వెనక అతని జనరేటర్
పన్నెండేళ్ళు పొగ కక్కుతూ దగ్గింది.

ఇంటికి అయిదు ఆంపియర్లు.
అయిదంటే ఏమిటో చెబుతాను:
ఇస్త్రీపెట్టె వేడెక్కితే ఫ్రిజ్ పస్తు.
నీళ్ళ మోటారు తిరిగితే
పిల్లాడి పాఠం చీకట్లో.
రెండూ కావాలని ఆశపడ్డామా,
కొవ్వొత్తి పట్టుకుని మెట్లు దిగి
పడిపోయిన స్విచ్చిని లేపి రావాలి.

నెలాఖరున వదీ తలుపు తట్టేవాడు.
మా అత్త నజ్లా
ఒక్కో నోటునీ వేలితో తడిమి ఇచ్చేది,
మళ్ళీ రాని చుట్టాన్ని
గుమ్మందాకా సాగనంపినట్టు.

సోలార్ మాట మొదలైనప్పుడు
బడిలో నాలుగు సాయంత్రాలు పోట్లాడుకున్నాం.
"ఎండ దేవుడిది, దానికి వాటాలేమిటి?" అన్నాడు తానియోస్.
"ఎండ దేవుడిదే, తీగలు మాత్రం బజారువి"
అన్నాడు లెక్కల మాస్టారు హిక్మత్.
అరవై రెండు ఇళ్ళు, ఒక రొట్టెల బట్టీ, ఒక బడి.
డబ్బున్నవాళ్ళు డబ్బిచ్చారు.
లేనివాళ్ళు ఇనుప చట్రాలు మోశారు.
ఉమ్ గస్సాన్ దగ్గర రెండూ లేవు.
డబ్బు లేదు, నడుము లేదు.
రాళ్ళు తప్ప ఏదీ మొలవని చేను ఉంది.
అది ఇచ్చింది.
ఇప్పుడు ఎవరు కనిపించినా అంటుంది:
"మా ఆయన పోయిన పదేళ్ళకి పండింది చూడు."

జనరేటర్ ఆగిన మొదటి రాత్రి
ఊళ్ళో ఎవరికీ నిద్ర పట్టలేదు.
ఒంటిగంటకి బుత్రోస్ తాత బయటికొచ్చి
"ఏమైంది, ఎవరు పోయారు?" అని అడిగాడు.
ఎవరూ పోలేదు.
రోడ్డు కింద కాలువ పారుతోంది.
ఎప్పుడూ పారుతూనే ఉందట!
పక్కింటి మొగుడూపెళ్ళాల గొడవ
మాట మాటా వినిపించింది.
ఎన్ని కాపురాలని దాచిపెట్టిందో
పాపం ఆ జనరేటర్.

పొద్దు పుస్తకం రాసేది నేను.
"డీజిల్" అనే గడిని ఎర్రసిరాతో కొట్టేశాను.
ఆ చోట ఏం రాయాలో
రెండు నెలలు తెలియలేదు.
తర్వాత "మిగులు" అని రాశాను,
చిన్న అక్షరాలతో, దిష్టి తగులుతుందేమోనని.

మిగులు అంటే
రీమా లబ్నే పులిసిపోకుండా
గురువారం బస్సులో జాహ్లే చేరడం.
మేకలకి పోసే పాలు తగ్గి
కొడుకు కళ్ళజోడు కొనడం.
బట్టీలో మరో కుర్రాడికి పని దొరకడం.
వాడు ఆ జీతంతో
తానియోస్ కొట్లోనే బూట్లు కొనడం.
డీజిల్ లారీతో కొండ దిగిపోయిన డబ్బు
ఇప్పుడు ఊళ్ళోనే
ఒక జేబులోంచి ఇంకో జేబుకి నడుస్తోంది,
కాస్త నెమ్మదిగానే.

అబద్ధం చెప్పను, జనవరిలో ఏడిపించింది.
నాలుగు రోజులు మబ్బు, పైన మంచు.
"ఇవాళ బట్టీ రోజు, ఎవరూ ఇస్త్రీ చెయ్యకండి"
అని హిక్మత్ ఇంటింటికీ తిరిగాడు.
నలిగిన చొక్కాలతోనే చర్చికి వెళ్ళాం.

వదీ సంగతి.
మూడు నెలలు ఎవరి ముఖమూ చూడలేదతను.
వసంతంలో ఎర్రదుమ్ము గాలి వీచి
పలకలన్నీ మట్టిగొట్టుకుపోయిన మర్నాడు
పొడుగు కుంచె భుజాన వేసుకుని తనే వచ్చాడు.
ఏ తీగ ఏ ఇంటిదో
ఊళ్ళో తెలిసినవాడు అతనొక్కడే మరి.

ఇప్పుడూ నెలాఖరున తలుపు తడతాడు, జీతానికి.
అత్త ఇప్పుడూ
ఒక్కో నోటునీ తడిమే ఇస్తుంది.

మొన్న సంతకం పెడుతూ
కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు:
"రాత్రిళ్ళు కాలువ వినిపిస్తోందంటున్నారు,
నిజమేనా?"

పన్నెండేళ్ళు ఆ యంత్రం పక్కనే పడుకున్న చెవులు.
వంగి, గట్టిగా అరిచి చెప్పాను:
"నిజమే!"

ఊరంతా విన్నది.